పదిహేడు ఒకట్లు

గుణదల, బెజవాడ
1974 జూన్ 18

ఒరే కొండలయ్యా,

ఉగాది నుంచి నీ దగ్గర్నుంచి ఒక్క కాగితం లేదు. మూడు కార్డులు రాశాను. చివరికి చేపల మార్కెట్టుకి వెళ్లి, మీ ఊరి నుంచి బుట్టలు తెచ్చే ఎల్లారావుని పట్టుకున్నాను. "మాస్టారు నిక్షేపంగా ఉన్నారండీ, ఎప్పుడు చూసినా పందిరి కింద కూర్చునే ఉంటారు" అన్నాడు. నిక్షేపంగా ఉన్నవాడివి ఆ పందిరి కింద కూర్చుని ఏం వెలగబెడుతున్నావు?

మొన్న అంతోని వచ్చాడు, అదే, మా తెరేసమ్మ తమ్ముడి కొడుకు, కాలేజీలో లెక్కలు చెబుతాడు. నా బల్ల మీద కట్టలు చూసి, "మావయ్యా, ఇది ఏనాడో ఎవరో తేల్చేసి ఉంటారు. మద్రాసుకి ఒక ఉత్తరం రాస్తే పుస్తకంలో చూసి చెప్పేస్తారు" అన్నాడు. వాడి ముందున్న కాఫీ గ్లాసు లాక్కున్నంత పని చేశాను. ఎవరినీ అడగం, ఏ పుస్తకంలోనూ చూడం అని మనం ఒట్టు వేసుకున్న సంగతి వాడికేం తెలుసు? కూచిపూడి హైస్కూల్లో ఆ వెనక బెంచీ పిల్ల లేచి, "మాస్టారూ, ఒకట్లు పదిహేడు వరసగా వేస్తే ఆ సంఖ్య దేనితోనైనా పోతుందాండీ?" అని అడిగితే, రేపు చెబుతామన్నది నువ్వూ నేనూ. ఆ రేపు రాక పన్నెండేళ్లయింది. ఆ పిల్లకి ఇప్పుడు పిల్లలు.

నా మటుకు నేను రోజుకి మూడు చొప్పున భాగిస్తూనే ఉన్నాను. ఆ సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఉంటే, దాన్ని ముప్ఫై నాలుగుతో భాగించినప్పుడు ఒకటి మిగలాలి. ఇది కనిపెట్టిన రోజు కాలవ గట్టు మీద పకోడీలు తిన్నాం, గుర్తుందా? ఆ తర్వాత తిన్నది మట్టే. పది కోట్ల దాకా వెతకాల్సినవాళ్లం, పన్నెండేళ్లకి ఇరవై లక్షల దగ్గరున్నాం. బేసి లక్షల చిల్లర నాది, సరి లక్షల చిల్లర నీది. నేను పంతొమ్మిది లక్షల చిల్లర ముగించి ఇరవై ఒక్క లక్షల్లో అడుగు పెట్టాను. నీ ఇరవై లక్షల చిల్లర నడి మధ్యలో గుంటలా ఉంది. దాన్ని పూడ్చు.

నీ
కృపానందం


కొల్లేటికోట
1974 జులై 7

కృపా,

కోప్పడకు. ఈ అక్షరాలు నావి కావని చూడగానే తెలిసిపోయి ఉంటుంది. చేతి వేళ్లు పట్టేస్తున్నాయి, పెన్ను నిలవడం లేదు. మా బడికి కొత్తగా వచ్చిన రామతులసి టీచరు గారు మా వెనక గదిలో అద్దెకుంటున్నారు. నలభై ఏళ్ల మనిషి, బెజవాడ వన్ టౌన్‌లో పుట్టి పెరిగారు, రేషను షాపు బియ్యం తప్ప కళ్లం ఎరగరు. అడగ్గానే రాస్తానన్నారు.

పని ఆపానని ఎవరు చెప్పారు నీకు? కాగితం ఆపానంతే. ఇప్పుడు మొత్తం నోటితోనే చేస్తున్నాను. మిగిలినదాన్ని పదింతలు చెయ్యి, ఒకటి కలుపు, భాజకాన్ని ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు తీసెయ్యి. మళ్లీ పదింతలు, మళ్లీ ఒకటి. ఈ సంఖ్యలో చూడాల్సింది ఏముంది, అన్నీ ఒకట్లే కదా. ఇన్నాళ్లూ కాగితం మీద ఎందుకు కష్టపడ్డామా అనిపిస్తోంది.

ఒక్కోటి తేలగానే మా నాంచారమ్మకి చెప్పేస్తాను. చేపలమ్మినన్నాళ్లూ ఏ ఊళ్లో ఎవరింటికి ఎన్ని కొర్రమీనులిచ్చి ఎన్ని కుంచాల వడ్లు కొలిపించుకుందో వారం తర్వాత అడిగినా చెప్పేది. అంకెలు ఆవిడ దగ్గరుంటే ఇనప్పెట్టెలో ఉన్నట్టే. సాయంత్రం టీచరు గారు బడి నుంచి రాగానే ఒక్కో అంకే చెప్పి రాయిస్తుంది. ఒకటిని మాత్రం ఒకటి అనదు, వడ్లు కొలిచేచోట అన్నట్టు లాభం అంటుంది. మొదటి రోజు టీచరు గారు తెల్లబోయారు. అర్థం చెబితే నవ్వి, పుస్తకం అట్ట లోపల "లాభం అంటే 1" అని రాసుకున్నారట.

రెండు నెలల పని పంపుతున్నాను. కొల్లేరు నిండుగా ఉంది, మెట్ల దాకా నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. తెరేసమ్మ చెల్లెమ్మని అడిగానని చెప్పు.

కొండలయ్య


గుణదల
1974 ఆగస్టు 2

కొండలయ్యా,

నీ కట్ట అందింది. అందకుండా ఉంటే బాగుండేది.

మూడో వరస చూడు. ఎనిమిదో వరస చూడు. పదకొండు, పన్నెండు, పదిహేను చూడు. శేషం భాజకం కన్నా పెద్దది! శేషం భాజకం కన్నా పెద్దగా ఉండకూడదని నువ్వూ నేనూ ముప్ఫై ఏళ్లు ఎంతమంది చెవులు మెలేశాం? ఒక చోటంటే పొరపాటు అనుకుంటాను. కట్టలో సగం ఇలాగే ఉంది. కొన్ని చోట్ల భాజకమే కోట్లు దాటిపోయింది. ముప్ఫై నాలుగేసి చొప్పున నడవాల్సిన మనిషివి, కప్పలా గెంతడం ఎప్పుడు నేర్చుకున్నావు?

నోటితో చేస్తున్నావట. పందిరి కింద పడుకుని, గాలి తగులుతుంటే తోచిన అంకె చెబుతున్నట్టుంది. వేళ్లు పట్టేస్తే వేడి నీళ్లలో పెట్టుకో, వేపనూనె రాసుకో. కాగితం మీద చెయ్యి. చేసి, చూసుకో. నువ్వు రాయించింది నువ్వు ఒక్కసారి కళ్లతో చూసుకుని ఉంటే ఈ కట్ట కవరు ఎక్కేదే కాదు.

మంచి మాటలు రాయడానికి ఇవాళ ఓపిక లేదు.

కృపానందం


కొల్లేటికోట
1974 సెప్టెంబరు 10

కృపా,

నువ్వు తప్పన్న వరసలన్నీ నాంచారమ్మ చేత మళ్లీ చెప్పించుకుని, ఒక్కోటి రెండేసి సార్లు చేశాను. నెల రోజులు పట్టింది. ఒక్కటీ మారలేదు. శేషాలన్నీ భాజకాల లోపే ఉన్నాయి. నేను ఇరవై లక్షల చిల్లర దాటి ఎక్కడికీ వెళ్లలేదు. కోట్లంటావేమిటి?

రాయడంలో పొరపాటేమో అని అదీ కనుక్కున్నాను. టీచరు గారు రాసింది రాసినట్టు ఒక్కో అంకే నాంచారమ్మకి తిరిగి చదివి వినిపిస్తారు. ఆవిడ సరేనంటేనే కాగితం కవర్లోకి వెళుతుంది. ఇంతకన్నా ఏం చెయ్యమంటావు? నీ కళ్లద్దాలు మార్చుకోవాల్సి వచ్చిందేమో చూపించుకో. ఎగతాళికి అనడం లేదు.

తోచిన అంకె చెబుతున్నానన్నావు. ఆ మాట నువ్వు రాయకుండా ఉండాల్సింది.

కొండలయ్య


గుణదల
1974 అక్టోబరు 3

కొండలయ్యా,

నా కళ్లు బాగానే ఉన్నాయి. డాక్టరుకి చూపించుకుని మరీ చెబుతున్నాను.

వాదన వద్దు. నీ సగం నాకిచ్చెయ్. వయసు మీద పడితే బుర్ర జారుతుంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఇరవై లక్షల చిల్లర మళ్లీ మొదటి నుంచి నేనే చేసుకుంటాను. పండగ సెలవుల్లో ఒకసారి మీ ఊరు వచ్చి పాత కట్టలన్నీ పట్టుకెళతాను.

కృపానందం


కొల్లేటికోట
1974 అక్టోబరు 15

కృపా,

రావద్దు. ఇవ్వను.

కొండలయ్య


కొల్లేటికోట
1975 జనవరి 27

కృపా,

పోయింది. నిశ్శేషంగా పోయింది.

మధ్యాహ్నం వలలు ఆరేసిన పందిరి కింద కూర్చుని చేస్తున్నాను. పదిహేడో ఒకటి కలిపి, తీసేస్తే, ఏమీ మిగల్లేదు. ఏదో మరిచిపోయాననుకున్నాను. మళ్లీ చేశాను. మళ్లీ ఏమీ లేదు. మూడోసారి గట్టిగా అరుస్తూ చేశాను. నాంచారమ్మ చేపలు కోస్తున్న కత్తిపీట వదిలేసి పరిగెత్తుకొచ్చింది, నాకేదో అయిందని.

మన మాటలన్నీ మరిచిపో. నేనూ మరిచిపోయాను. రేపు చెబుతామన్నాం, ఇన్నాళ్లకి చెప్పగలం. ఆ పిల్ల ఏ ఊళ్లో ఉందో కనుక్కో. మనిద్దరం వెళ్లి చెబుదాం. నువ్వు నా చెయ్యి పట్టుకు తీసుకెళ్లాలి, బస్సులెక్కడం ఈమధ్య అలవాటు తప్పింది.

ఆ రెండు సంఖ్యలూ చెప్పే గౌరవం నాంచారమ్మది. ఆవిడే చెబుతోంది, టీచరు గారు రాస్తున్నారు:

206116123
53632223561

గుణించి చూసుకో. చూసుకుని వెంటనే రాయి. పోస్టు పడవ కోసం రేవులోనే ఉంటాను.

నీ
కొండలు


గుణదల
1975 ఫిబ్రవరి 12

కొండలయ్య గారికి,

నిన్నటితో మేరీమాత తిరునాళ్లు అయ్యాయి. ఇంట్లో పద్దెనిమిది మంది చుట్టాలు, వీధి నిండా జనం, మైకులు. ఆ గోలలో, వంటింటి గుమ్మం పక్కన పీట వేసుకుని, మీరు దయచేసిన సంఖ్యల్ని గుణించాను.

గుణించాల్సిన పని లేదు. చివరి అంకెలు చూస్తే చాలు, ఒకటో తరగతి పిల్ల చెబుతుంది వచ్చేది ఒకటి కాదని. అయినా గుణించాను. పోనీ, మొదటిదాన్ని ముప్ఫై నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలిందా? ముప్ఫై ఒకటి మిగిలింది. అయినా గుణించాను. నువ్వు మూడుసార్లు చేశానన్నావు కాబట్టి, నాంచారమ్మ కత్తిపీట వదిలేసి పరిగెత్తుకొచ్చిందన్నావు కాబట్టి. పదిహేడు ఉండాల్సిన చోట ఇరవై అంకెలొచ్చాయి. అందులో మొదటి రెండూ ఒకట్లే. వాటిని చూసి ఒక్క క్షణం ఆశపడ్డాను. మూడోది సున్న.

ఎందుకు చేశావురా ఇలా? బుర్ర జారిందంటే నొచ్చుకున్నావు. నాకు నీ సగం అప్పగించడం ఇష్టం లేక, దొరికిందని అబద్ధం కల్పించావు. పన్నెండేళ్లలో మనం ఒక్క అంకె కల్పించలేదు. దొరక్కపోతే దొరకలేదనే చెప్పుకున్నాం. నాకు ఆ సంఖ్య కన్నా అదే ఎక్కువగా ఉండేది. అది పోయింది.

ఇక నాకు ఉత్తరాలు రాయకు. కట్టలు నువ్వే ఉంచుకో.

కృపానందం


కొల్లేటికోట
1975 ఏప్రిల్ 4

కృపానందం మాస్టారు గారికి,

నమస్కారం. నేను రామతులసిని. నాంచారమ్మ గారు చెబుతుంటే, ఆవిడ మాట ఆవిడ అన్నట్టే రాస్తున్నాను. కొండలయ్య గారు రేవుకి వెళ్లారు.

అన్నయ్యగారూ, నేను నాంచారమ్మని. మీ ఉత్తరం వచ్చి ఆరున్నొకటి వారాలయింది. ఆయనకి చదివి వినిపించలేదండీ. టీచరమ్మ ముందు నాకు చదివింది. చదువుతా చదువుతా ఆగిపోయింది. ఇది ఆయన చెవిన పడితే మనిషి ఉండడని, బియ్యం డబ్బాలో అడుక్కి పెట్టేశాను. అప్పట్నుంచీ రోజూ పోస్టు పడవ కోసం రేవుకి పోతన్నారు. రాలేదు, రాలేదు అని నేను అబద్ధం చెప్తన్నాను. మొగుడితో అబద్ధం చెప్పడం నాకు చేతకాదండీ. అన్నం సయించట్లేదు.

ఇంకో మాట. ఆయన మీకు చెప్పొద్దన్నారు, నేను చెప్పేస్తన్నాను. ఆయనకి చూపు లేదు. వేళ్ల నొప్పీ లేదు, ఏమీ లేదు. నీటికాసులంట. పోయిన ఉగాదికి ముందే ఒక కన్ను పోయింది, ఎండలు ముదిరేసరికి రెండోది కూడా పోయింది. ఏలూరు డాక్టరు ఇక రాదని చెప్పేశాడు. "కృపాకి తెలిస్తే నా సగం లాగేసుకుంటాడు, నా మీద జాలితో లాగేసుకుంటాడు, అప్పుడిక నాకేం ఉంటది" అన్నారు. రేవుకి కర్ర పుచ్చుకుని, మెట్లు లెక్కపెట్టుకుంటా పోతారు.

మొన్న జాతరకి పెద్దింట్లమ్మ తల్లికి ఆరున్నొకటి కొబ్బరికాయలు కొట్టాను. చూపు కోసం కాదండీ, మీ ఉత్తరం కోసం. ఆయన లెక్క తప్పు చెయ్యలేదు. నాకు చదువు లేదు, కానీ ఆయన మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అవే అంకెలొచ్చినయ్యి. నా చెవులతో విన్నాను. తప్పంటే అది నాది అయ్యుండాలి. నన్ను తిట్టి ఒక ఉత్తరం రాయండి. ఆయనకి మాత్రం మంచిది రాయండి.

చెల్లెలు
నాంచారమ్మ (వేలిముద్ర)


గుణదల
1975 ఏప్రిల్ 8

రామతులసి గారూ, ఈ ఉత్తరం పైకి చదవండి. ఇద్దరినీ కూర్చోబెట్టి చదవండి. బియ్యం డబ్బాలో ఉన్నది మాత్రం పొయ్యిలో పెట్టండి.

ఒరే కొండలూ,

నాంచారమ్మ చెల్లెమ్మ నాకు ఉత్తరం రాయించింది. నీ కళ్ల సంగతి తెలిసింది. దాని గురించి తర్వాత తిడతాను.

ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి ఒక మాట దగ్గర ఆగిపోయాను. "ఆరున్నొకటి వారాలు." ఇదేం మాట అనుకుని కిందికొస్తే, "ఆరున్నొకటి కొబ్బరికాయలు." చేతిలో కాగితం బల్ల మీద పెట్టేశాను.

మా అమ్మ రావమ్మ కోతలకి వెళితే సాయంత్రం కళ్లంలో కూలి వడ్లు కొలిచేవాళ్లు. నేను గోనె మూతి పట్టుకుని నిలబడేవాణ్ణి. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. ఏడు అనేవాళ్లు కాదు. ఏడు అంటే ఏడవమన్నట్టు అవుతుందని. ఆ గింజలు తిని పెరిగినవాణ్ణి. నాలుగు ముక్కలు చదువుకుని, లెక్కల మాస్టార్నయి, అమ్మ లెక్క మరిచిపోయాను.

చెల్లెమ్మా, నువ్వు చెప్పింది ఏడు. రామతులసి గారూ, మీరు రాసింది ఆరు, దాని పక్కన ఒకటి. మీరు "ఆరు, ఒకటి" అని తిరిగి చదివితే ఆవిడ చెవికి అది ఏడే. మీ ఇద్దరిలో ఎవరిదీ తప్పు లేదు. లాభం వింతగా ఉంది కాబట్టి అడిగి తెలుసుకున్నారు. ఇది వింతగా లేదు, అంతే.

ఆరు పక్కన ఒకటి ఉన్నచోటల్లా ఆ రెండూ తీసేసి ఏడు పెట్టాను. 2071723. ముప్ఫై నాలుగుతో భాగించాను, ఒకటి మిగిలింది. రెండోది 5363222357. గుణించడం మొదలుపెట్టాను. కుడి చివర మూడేళ్లు ఇరవై ఒకటి, ఒకటి వేశాను. తర్వాత ఒకటి. తర్వాత ఒకటి. అలా ఎడమ వైపుకి వెళ్లినకొద్దీ ఒకట్లే వస్తుంటే, తెరేసమ్మని కేకేసి పక్కన కూర్చోమన్నాను. పదిహేడోది వేసేసరికి కాగితం కనపడలేదు నాకు. ఏడ్చానురా. ఆ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు.

పది కోట్ల దాకా వెతకాల్సింది, ఇరవై లక్షల డెబ్బై ఒక్క వేల దగ్గర దొరికింది. నీ సగంలో దొరికింది. చూపు లేకుండా, నోటితో చేసి పట్టుకున్నావు. అలాంటివాణ్ణి పట్టుకుని నేను అబద్ధాలకోరు అన్నాను. ఆ ఉత్తరం నువ్వు వినలేదు కాబట్టి నువ్వు క్షమించడానికి లేదు. విన్న చెల్లెమ్మే క్షమించాలి.

నేనూ నీకు చెప్పనిది ఒకటుంది. ఫిబ్రవరిలో నీ మీద కోపంతో అంతోనిని పిలిచి, మద్రాసుకి రాయమన్నాను. ఒట్టు నేనే తప్పాను. మార్చిలో జవాబు కవరు వచ్చింది. ప్రార్థన పుస్తకం కింద పెట్టాను. రోజూ తీసి చూడటం, తెరవలేక మళ్లీ పెట్టడం. మొన్న గుణకారం అయ్యాక దాన్ని అలాగే పొయ్యిలో పెట్టాను. తెరేసమ్మ దాని మీదే టీ కాచింది.

శనివారం వస్తున్నాను. రేవు దగ్గర ఉండు. ఆ పిల్ల అత్తవారిది పామర్రట, కనుక్కున్నాను. చెయ్యి పట్టుకు తీసుకెళతాను.

నీ
కృపా


కొల్లేటికోట
1975 ఏప్రిల్ 10

కృపా,

శనివారం దాకా ఆగలేక రాయిస్తున్నాను. నీకంటే ముందు ఇది వస్తుందో రాదో.

టీచరు గారు నీ ఉత్తరం చివరిదాకా చదివారు. తర్వాత టీచరు గారు పాత కాపీలన్నీ ముందేసుకుని, ఆరు ఒకటి ఉన్నచోటల్లా అడుగుతూ దిద్దడం మొదలుపెట్టారు. నాంచారమ్మ లోపలికి వెళ్లిపోయింది. ముప్ఫై ఏళ్లు ఈ ఇంట్లోకి రానివ్వకుండా కాచుకున్న మాట అది. నా కళ్లు పోతున్నప్పుడు కూడా ఆ ఒక్క మాట అననందుకే మిగతాది నిలిచిందనుకునేది. కాసేపటికి బయటికొచ్చి, నా పక్కన కూర్చుని, "ఏడు" అంది. మెల్లిగా, కొత్త మాట నేర్చుకున్నట్టు. మొదటి సంఖ్య మొత్తం అలాగే చెప్పింది. రెండు, సున్న, ఏడు, ఒకటి, ఏడు, రెండు, మూడు. చెప్పి, నా భుజం మీద తల పెట్టి, ఆ మాట ఏం చెయ్యమందో అదే చేసింది. నేను ఆపలేదు.

నా మీద నాకూ కోపంగానే ఉంది. ఆవిడ ఆ మాట అంటుంటే రోజూ పక్కనే కూర్చుని విన్నాను. చిన్నప్పటి నుంచీ విన్న మాట కాబట్టి నా చెవికి తగల్లేదు. కళ్లు లేవని దాచాను, చెవులూ లేకపోయాయి. నీకు ముందే చెప్పి ఉంటే అక్టోబరులోనే వచ్చేవాడివి, నిమిషంలో పట్టేసేవాడివి. నువ్వు జాలిపడతావని భయపడ్డాను. నువ్వు తిట్టావు. తిట్టే నయం, ఇక ముందు కూడా అలాగే కానీ.

శనివారం నేను రేవులో ఉంటాను. ముప్ఫై రెండు మెట్లు. కిందివి మూడు తడిగా ఉంటాయి, చూసి దిగు.

ఇక్కడి నుంచి కింది వరస నా చేత్తో నేనే రాస్తున్నాను. పెన్ను ఎక్కడ పెట్టాలో టీచరు గారు చూపించారు. అన్నీ ఒకట్లే కాబట్టి నాకు చేతనయింది. లెక్కపెట్టుకుంటూనే రాశాను కానీ మధ్యలో నాంచారమ్మ ఏదో అడిగింది. పదిహేడు ఉన్నాయో లేదో నువ్వు చూసి చెప్పు. ఒకటి ఎక్కువుంటే లాభం అనుకో.

111111111111111111